రోగి ఆశ మన సరుకు కాదు

క్యాన్సర్ వచ్చిన ఇంటికి పలకరింపుకు వెళ్లేవాళ్లు ఈమధ్య పళ్లతోపాటు ఒక సలహా కూడా తీసుకెళ్తున్నారు. అదే పుట్టగొడుగు పొడి. గానోడెర్మా, రీషీ, టర్కీ టెయిల్, కార్డిసెప్స్... డబ్బా మీద పేరు ఏదైనా నోటి మాట ఒక్కటే: "ఇది వాడితే రోగం పాకదు." ఆ మాట చెప్పేవారిలో చెడ్డవాళ్లు తక్కువ. నిజంగా మేలు జరగాలని కోరుకునేవారే ఎక్కువ. కానీ వినేవాళ్ల పరిస్థితి చూడండి. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి వాళ్లకు కంటిమీద కునుకు లేదు, తిండి సయించదు. ఎవరేం చెప్పినా చేసేయాలనిపించే స్థితి అది. అలాంటి మనిషి చేతిలో రుజువు కాని మాటను పెట్టే హక్కు మనకుందా? పొడి అమ్మేవారు ఒక్కరే జవాబు చెబితే సరిపోదు. విని ఊరుకునేవారు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవారు, ప్రకటన అచ్చువేసేవారు, చూసీచూడనట్టు వదిలేసే అధికారులు, ప్రశ్న అడిగిన రోగిని కసురుకునే డాక్టర్లు, అందరం కలిసి జవాబు చెప్పుకోవాలి.

"పాకదు" అన్న మాటకు అంత బలం ఊరికే రాలేదు. గడ్డ పుట్టినచోటే ఉన్నంతకాలం సర్జన్ చేతికి దొరుకుతుంది. కోసి తీసేయొచ్చు, కరెంటు పెట్టి మాడ్చేయొచ్చు. "లివర్‌కి పాకింది", "ఎముకల్లోకి దిగింది" అని స్కాన్ చెప్పిన రోజున లెక్క మారిపోతుంది. క్యాన్సర్‌తో చనిపోయేవారిలో ఎక్కువమందిని బలితీసుకునేది ఇలా పాకిన రోగమే. గడ్డలోంచి ఒక కణం విడిపోతుంది. చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించుకుంటూ రక్తనాళంలోకో లింఫ్ నాళంలోకో దూరుతుంది. ఒంట్లో కాపలా తిరిగే రక్షణ కణాల కన్నుగప్పి బతికి, ఇంకో అవయవంలో దిగి పాదుకుంటుంది. 1889లోనే లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు చూసి, ఈ కణం విత్తనం లాంటిదనీ, తనకు సరిపడే నేల దొరికినచోటే మొలుస్తుందనీ లాన్సెట్ పత్రికలో రాశాడు. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ కణం దారిని మధ్యలో తెగ్గొట్టడం వైద్యానికి ఇంకా పెద్ద సవాలే. 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 14 లక్షల మందికి క్యాన్సర్ వచ్చిందనీ, 9 లక్షల మందికి పైగా చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. అంటే "పాకదు" అన్న ఒక్క మాట కోసం ఎదురుచూసే ఇళ్లు ఏటా లక్షల్లో ఉన్నాయి.

శిలీంధ్రాల నుంచి మందు వస్తుందనుకోవడం మూఢనమ్మకం కాదు. పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది. అవయవ మార్పిడి చేయించుకున్నవారిని కాపాడే సైక్లోస్పోరిన్ మట్టిలోని ఒక శిలీంధ్రం నుంచి వచ్చింది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లకు నాంది పలికింది జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో పెనిసిలియం బూజులో కనిపెట్టిన పదార్థమే. కాబట్టి పుట్టగొడుగు సారం క్యాన్సర్ వ్యాప్తిని అడ్డుకోగలదా అని అడగడంలో తప్పేమీ లేదు. గానోడెర్మాలోని ట్రైటెర్పీన్లు అనే పదార్థాలు ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల చొరబాటును తగ్గించాయి. పుట్టగొడుగుల్లో ఉండే బీటా గ్లూకాన్లు రక్షణ కణాలను ఉత్తేజపరుస్తాయని తేలింది. కార్డిసెప్స్‌లో ఉండే కార్డిసెపిన్ ఒంట్లోకి వెళ్లగానే విరిగిపోతుంది. అందుకని, విరిగిపోకుండా మార్చిన రూపాన్ని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఒక బ్రిటిష్ మందుల కంపెనీ కలిసి 2019 నుంచి రోగుల మీద పరీక్షిస్తున్నాయి. అంటే అసలు పుట్టగొడుగులోని పదార్థం ఉన్నది ఉన్నట్టుగా మందుకు పనికిరాదని ఆ శాస్త్రవేత్తలే గుర్తించి, దాన్ని మార్చుకుని ముందుకు వెళ్లారు. గాజు పళ్లెంలోని కణాల మీద నేరుగా పోసిన ద్రవానికీ, కడుపులో అరిగి, లివర్ దాటి, రక్తంలో పలచబడి గడ్డ దాకా చేరాల్సిన పొడికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని పరీక్షలతోనే దాటాలి.

జపాన్ ఆ దూరాన్ని ఎలా దాటిందో చూడండి. 1960ల్లో కురేహా అనే రసాయన కంపెనీ ఇంజినీరు ఒకాయన, తన పక్కింటాయన కడుపు క్యాన్సర్‌కు చెట్టు మొద్దుల మీద మొలిచే పుట్టగొడుగును వాడుకోవడం చూశాడని చెబుతారు. ఇలాంటివి మన వీధుల్లో రోజూ వింటూనే ఉంటాం. తేడా అంతా ఆ తర్వాత జరిగిన పనిలో ఉంది. పక్కింటి సంగతి ప్రయోగశాలకు చేరింది. ట్రమెటిస్ వెర్సికలర్ (టర్కీ టెయిల్) అనే ఆ పుట్టగొడుగు నుంచి పీఎస్‌కే అనే పదార్థాన్ని వేరుచేశారు. తయారీకి ఒకే పద్ధతి, ప్రతి బ్యాచ్‌కూ ఒకే ప్రమాణం పెట్టుకున్నారు. 1977లో క్రెస్టిన్ పేరుతో దానికి ప్రభుత్వ అనుమతి వచ్చింది. అనుమతి వచ్చింది కదా అని పరీక్షలు మానలేదు. కడుపులో గడ్డను ఆపరేషన్‌తో తీసేసిన 262 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి కీమో మాత్రమే ఇచ్చారు, రెండో వర్గానికి కీమోతోపాటు పీఎస్‌కే ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత మొదటి వర్గంలో నూటికి 60 మంది, రెండో వర్గంలో నూటికి 73 మంది బతికి ఉన్నారు. ఈ ఫలితం 1994లో లాన్సెట్‌లో వచ్చింది.

నూటికి పదమూడు ప్రాణాలంటే చిన్న విషయం కాదు. అందుకే ఆ లెక్కను ఉన్నదున్నట్టు చదవాలి. ఆ 262 మందికీ ముందు ఆపరేషన్ జరిగింది. ఆ 262 మందికీ కీమో అందింది. ఆపరేషన్ మానేసి పొడి తాగినవారు ఆ పరీక్షలో ఒక్కరూ లేరు. వాళ్లకిచ్చిన కీమో ఆనాటిది, ఇప్పుడు మందులు మారాయి. నాలుగో స్టేజ్‌లో అవయవాలకు పాకిపోయిన రోగానికి ఆ లెక్క వర్తించదు. అలాగే షిటాకే పుట్టగొడుగు నుంచి గోరో చిహారా బృందం 1969లో వేరుచేసిన లెంటినాన్‌కు జపాన్ 1985లో అనుమతి ఇచ్చింది. దాన్ని సూదిమందుగా నరంలోకి ఎక్కిస్తారు. నోటి ద్వారా తీసుకుంటే ఆ పెద్ద అణువు పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా చేరదు. ఇక మన ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడయ్యే గానోడెర్మా సంగతి. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరీక్షలన్నిటినీ జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2012లో దీన్ని పరిశీలించింది. లెక్కలోకి తీసుకోదగ్గ పరీక్షలు ఐదు దొరికాయి, వాటిలో పాల్గొన్నవారు 373 మంది. క్యాన్సర్‌కు మొదటి చికిత్సగా దీన్ని వాడటానికి తగిన ఆధారం లేదనీ, అసలు చికిత్సకు తోడుగా కొంత ఉపయోగపడవచ్చేమోననీ తేల్చింది. ఆ "తోడుగా", ఆ "కొంత", ఆ "ఏమో" అన్నీ మన ఊరికి వచ్చేసరికి ఎవరు తీసేస్తున్నారు? మనమే.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు చేసిన ఒక పని గురించి తెలుగువాళ్లందరికీ చెప్పాలనిపిస్తుంది. కుక్కల ప్లీహంలో వచ్చే హెమాంజియోసార్కోమా అనే క్యాన్సర్ చాలా వేగంగా పాకుతుంది. 2012లో వాళ్లు 15 కుక్కలకు అదే ట్రమెటిస్ వెర్సికలర్ నుంచి తీసిన పదార్థాన్ని ఇచ్చారు. ఎక్కువ మోతాదు తీసుకున్న కుక్కల్లో రోగం పాకడం ఆలస్యమైంది. అవి అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతికాయి. ఆ వార్త ప్రపంచమంతా పాకింది, ఈ రోజుకీ డబ్బాల ప్రచారంలో వినిపిస్తూనే ఉంటుంది. అయితే అదే విశ్వవిద్యాలయం అక్కడితో తృప్తిపడలేదు. పదిహేను చాలవు, పోల్చి చూసే వర్గం కావాలి అనుకుని, ఈసారి 101 కుక్కలతో పరీక్ష పెట్టింది. 2022లో ఫలితం వచ్చింది. పుట్టగొడుగు పదార్థం ఒక్కటే వాడితే కీమోకు సాటి రాలేదు. కీమోకు జతచేసినా ఆయుష్షు పెరగలేదు. తమ పాత ఆశను తామే పరీక్షకు పెట్టి, అది నిలవలేదని తామే అచ్చువేశారు. కుక్కల విషయంలోనే అంత నిజాయితీ చూపించారంటే, మనుషుల విషయంలో మనమెంత చూపించాలి!

ఖర్చు తక్కువ మందులకు పరీక్షలు ఎవరు చేస్తారు, కంపెనీలకు లాభం లేదు కాబట్టి తొక్కిపెడతారు అనే వాదన మనకు బాగా అలవాటు. దానికి జవాబు మన దేశంలోనే ఉంది. పన్ను పీకే ముందు ఇచ్చే లిడోకెయిన్ అనే మత్తుమందు అందరికీ తెలిసిందే, చవకైనది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు దాన్ని గడ్డ చుట్టూ ఎక్కిస్తే, కోత సమయంలో కణాలు చెదిరి పాకడం తగ్గుతుందా అని ముంబయిలోని టాటా మెమోరియల్ డాక్టర్లు ఆలోచించారు. ఆ ఆలోచనను పట్టుకుని వీడియోలు చెయ్యలేదు. దేశంలో 11 క్యాన్సర్ కేంద్రాల్లో 1,600 మంది మహిళలతో ఏళ్ల తరబడి పరీక్ష చేశారు. 2023లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఐదేళ్లకు మందు ఎక్కించినవారిలో నూటికి 90 మంది, ఎక్కించనివారిలో 86 మంది బతికి ఉన్నారు. చవకమందును పరీక్షకు నిలబెట్టగలమని మన డాక్టర్లు, మన రోగులే నిరూపించారు. పుట్టగొడుగుకూ ఆ అవకాశం ఇవ్వాలి. దాన్ని అమ్మేవాళ్లు అడగాల్సింది కూడా అదే.

వాళ్లు ఏం అడుగుతున్నారో దగ్గర నుంచి చూశాను. జిల్లా కేంద్రంలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తు. ఆదివారం ఉదయం. ప్లాస్టిక్ కుర్చీలు, ప్రొజెక్టరు, గుమ్మం దగ్గర టీ, సమోసా. టై కట్టుకున్న ఒక యువకుడు తెర మీద ఎర్రటి, మెరిసే పుట్టగొడుగు బొమ్మ చూపించాడు. వేల ఏళ్ల చరిత్ర ఉందన్నాడు, జపాన్ పేరు చెప్పాడు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కి "మా అత్తగారికి నాలుగో స్టేజ్", "మా బావగారికి లంగ్స్‌లో గడ్డ" అంటూ సాక్ష్యం చెప్పారు. ఆ అత్తగారు కీమో కూడా తీసుకున్నారా అని ఎవరూ అడగలేదు. అడిగే వీలు లేకుండా చప్పట్లు మోగాయి. చివరి అరగంట రోగం మాటే లేదు. ఎంతమందిని చేర్పిస్తే ఎన్ని పాయింట్లు, ఏ ర్యాంకుకు ఏ బహుమతి అన్నదే చర్చ. నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ ఒళ్లో ఆసుపత్రి ఫైలు ఉంది. ఆవిడ పాయింట్ల లెక్క రాసుకోలేదు. ఎన్ని చెంచాలు, ఎన్నిపూటలు అన్నది మాత్రం ఫైలు అట్ట వెనకాల రాసుకుంది.

ఆ హాల్లో ఉన్నవాళ్లంతా మనవాళ్లే. ఉద్యోగం పోయిన టీచరు, వ్యాపారం దెబ్బతిన్న కిరాణా యజమాని, ఇంటిఖర్చుకు నాలుగు డబ్బులు కావాలనుకునే ఇల్లాలు. వాళ్లు కట్టిన డబ్బు వెనక్కి రావాలంటే ఇంకొకరిని చేర్పించాలి. పరిచయస్తుల్లో జబ్బుపడినవారికంటే తొందరగా ఒప్పుకునేవారు ఎవరుంటారు? ఈ వ్యాపార పద్ధతే జబ్బుమనిషిని వెతుక్కునేలా చేస్తుంది. అందుకే దీన్ని ఏ ఒక్కరి దురాశ కిందా కొట్టిపారేయలేం. మన ఆప్యాయతనే పెట్టుబడిగా మార్చిన ఏర్పాటు ఇది. దానికి మన ఇంటి తలుపు తెరిచింది మన నమ్మకమే.

ఆ పొడి వంటింట్లోకి చేరాక ఏం జరుగుతుందో కూడా చూడాలి. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు కాగుతుంటాయి. పొద్దున్నే పరగడుపున చెంచాడు పొడి కలిపి ఇస్తారు. చేదు. తాగిన మనిషి మొహం చిట్లించి, పైకి ఏమీ అనకుండా గ్లాసు కింద పెడతాడు. తెచ్చిచ్చిన బంధువు వెళ్లేముందు ఇంటావిడను పక్కకు పిలిచి చెబుతుంది: "వదినా, ఇది వాడుతున్నట్టు డాక్టరుగారికి చెప్పకండి. వాళ్లకివి నచ్చవు." నేను భయపడేది ఈ ఒక్క మాటకే. డాక్టరు దగ్గర దాచమని చెప్పే ఏ సలహా అయినా, అది ఎంత ప్రేమతో ఇచ్చినా, రోగిని ఒంటరిని చేస్తుంది. కీమో సమయంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. గానోడెర్మా రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేయవచ్చని వైద్యులు హెచ్చరిస్తున్నారు. లివర్ పరీక్షలో అంకెలు పెరిగితే కారణం కీమోనా, పొడా అని డాక్టరు తేల్చుకోవాలంటే ఆయనకు పొడి సంగతి తెలిసుండాలి. తెలియకపోతే అసలు మందు మోతాదు తగ్గించేస్తాడు. దాచిన మాట ఖరీదు ఆ రోగి ఒంటిమీద పడుతుంది.

గానోడెర్మా పేరు కోనసీమ రైతుకు కొత్త కాదు. కొబ్బరి చెట్టు మొదట్లో, నేలకు ఆనుకుని, పైన ఎర్రగోధుమ రంగులో లక్క పూసినట్టు మెరుస్తూ, అడుగున తెల్లగా ఉండే ఆ పుట్టగొడుగు కనిపిస్తే రైతు గుండె జారిపోతుంది. ఆ జాతి శిలీంధ్రమే వేళ్లను కుళ్లబెట్టి చెట్టును చంపేస్తుంది. అప్పుడు రైతు ఏం చేస్తాడు? అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లను అడుగుతాడు. వేపపిండి ఎంత వేయాలి, ట్రైకోడెర్మా ఎన్ని నెలలకోసారి, ఎవరి తోటలో పనిచేసింది అని వందసార్లు కనుక్కుంటాడు. తోట కోసం అన్ని ప్రశ్నలు వేసే మనం, ఇంట్లో మనిషి కోసం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా డబ్బా కొంటున్నాం. ప్రశ్నించడం అపనమ్మకం అనుకుంటున్నాం. మన మనిషి ప్రాణం విలువైనదని నమ్మినందుకే ప్రశ్నించాలి.

"పనిచేయకపోతే పోయింది, నష్టమైతే లేదుగా?" అంటారు. నష్టం ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంకా వేరే అవయవాలకు పాకని క్యాన్సర్ ఉండి, అసలు చికిత్స వద్దనుకుని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చారు. ప్రత్యామ్నాయాన్ని నమ్ముకున్నవారికి మరణించే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్‌లో అది ఐదు రెట్లు దాటింది. గడ్డ చేతికందేంత చిన్నగా ఉన్న నెలలను పొడి మీద గడిపేస్తే, ఆ నెలలను తర్వాత ఏ ఆసుపత్రీ తిరిగి ఇవ్వలేదు. ఇక డబ్బాలో ఉన్నది గానోడెర్మానే అన్న భరోసా అయినా ఉందా? అమెరికా మార్కెట్లో కొన్న 19 ఉత్పత్తులను పరీక్షిస్తే, అసలు రీషీతో, అంటే గానోడెర్మాతో, సరిపోలినవి ఐదేనని 2017లో ఒక పరిశోధన చెప్పింది. పీఎస్‌కేకు అనుమతి ఇచ్చిన జపాన్‌లోనే, అగారికస్ అనే మరో పుట్టగొడుగుతో క్యాన్సర్ మాయమైందని చెప్పే పుస్తకాలు అచ్చువేసినవారిని 2005లో పోలీసులు అరెస్టు చేశారు. అందులో రోగుల అనుభవాలుగా రాసినవి కల్పించిన కథలు. మరుసటి ఏడాది ఒక అగారికస్ ఉత్పత్తి ఎలుకల్లో క్యాన్సర్‌ను ప్రోత్సహిస్తున్నట్టు కనిపించడంతో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఒకే దేశంలో పుట్టగొడుగు ఒకచోట మందైంది, ఇంకోచోట మోసమైంది. రెంటినీ వేరుచేసింది పరీక్షే.

ఈ నిజాయితీ మనకు పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ సంబంధ పదార్థాలను బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. విటమినే కదా, మేలే చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. రోగం ఇంకా ఉధృతమైంది. ఆ చేదునిజాన్ని వాళ్లు దాచలేదు. అదే ఆధారంగా ఆలోచనను తిరగేసి, ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించాడు. పదహారు మంది పిల్లల్లో పదిమందికి రోగం తగ్గింది. ఆనాటికి అది ఊహకందని విజయం. అయినా ఆ వ్యాసం శీర్షికలోనే ఆ తగ్గుదల తాత్కాలికమని రాశాడు. క్యాన్సర్ కీమో చరిత్రకు పునాది వేసిన వాళ్లలో తెలుగువాడు ఉన్నాడని గర్వపడతాం కదా. ఆ గర్వం మనకు దక్కాలంటే, ఆ క్రమశిక్షణ కూడా మనకు అలవడాలి.

అందుకే ఒక్కొక్కరినీ పేరుపేరునా అడుగుతున్నాను.

పొడి అమ్ముతున్న అన్నయ్యలూ అక్కయ్యలూ, మీ కష్టం నాకు అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆహారంగా ఏం అమ్ముకుంటారో అది మీ ఇష్టం. క్యాన్సర్ ఉన్న ఇంటి గడప మాత్రం ఆ డబ్బాతో తొక్కకండి. క్యాన్సర్‌ను నయం చేస్తుందని ప్రకటించడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టం నిషేధించింది. డబ్బా మీద ఉండే ఆహార భద్రత లైసెన్సు నంబరు అది ఆహారపదార్థమని చెబుతుంది, మందని చెప్పదు. చట్టం సంగతి అలా ఉంచినా, రేపు ఆ మనిషి చికిత్స మానేసి చనిపోతే, దాని తాలూకు కమీషన్ మీ పిల్లల ఫీజు కింద కట్టగలరా? ఈ ప్రశ్న మిమ్మల్ని బాధపెట్టాలనే అడుగుతున్నాను.

బంధువులారా, స్నేహితులారా, ఏదో ఒకటి చెప్పకపోతే ప్రేమ లేదనుకుంటారేమో అన్న మొహమాటంతో సలహాలు ఇస్తున్నాం. రోగి కోసం చేయడానికి బోలెడన్ని పనులున్నాయి. కీమో రోజున తోడుగా వెళ్లి సాయంత్రం దాకా కూర్చోండి. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం తిరగండి. నోరు పూసి ఏమీ తినలేకపోతే పలచగా జావ కాచి పట్టుకెళ్లండి. పిల్లల్ని బడికి దింపండి. పొడికి పెట్టే డబ్బు బస్సు చార్జీలకూ, గుడ్లకూ, పాలకూ ఇవ్వండి. రోగం ముదిరిపోయి నొప్పితో విలవిల్లాడుతుంటే, చవకగా దొరికే మార్ఫిన్ మాత్రతో ఆ నొప్పి తగ్గించే వైద్యం ఉందని చెప్పండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లోని పాలియేటివ్ కేంద్రాల్లో అది దొరుకుతుంది. ఎన్నో ఇళ్లలో ఆ మాత్ర సంగతి తెలియదు, పొడి సంగతి అందరికీ తెలుసు. ఇది మనందరికీ సిగ్గుచేటు.

డాక్టర్లారా, మీ ఓపీ ముందు క్యూ ఎంత పొడుగుంటుందో నాకు తెలుసు. అయినా రోగి పొడి పేరెత్తగానే కసరకండి. ఫంక్షన్ హాల్లో ఆ యువకుడు రోగి పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడాడు. మీరు ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, మీ మాటకు బరువు ఎక్కువ. "ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా? చెబితే ఏమీ అనను" అని ప్రతి రోగినీ అడగండి. తెలియని దాని గురించి తెలియదని చెప్పండి. రోగం సంగతి దాచిపెట్టమని ఇంటివాళ్లు బతిమాలినప్పుడు, నిజాన్ని మెల్లగా, మర్యాదగా రోగికి చెప్పే దారి వాళ్లకు నేర్పండి. తన రోగం ఏ స్థితిలో ఉందో తెలిసిన మనిషిని మోసం చేయడం అంత తేలిక కాదు.

పత్రికల వాళ్లు, టీవీల వాళ్లు, యూట్యూబ్ చానళ్ల వాళ్లు ఒక్క నియమం పెట్టుకోండి. "క్యాన్సర్‌కు చెక్" అని శీర్షిక పెట్టేముందు ఆ పరీక్ష కణాల మీద జరిగిందా, ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. ప్రభుత్వాలు ఉన్న చట్టాన్ని అమలు చేస్తే చాలు. ఆదివారం సభలు ఎక్కడ జరుగుతున్నాయో ఊళ్లో అందరికీ తెలుసు, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు తెలియకుండా ఉండదు. ఇక మన విశ్వవిద్యాలయాలు, క్యాన్సర్ ఆసుపత్రులు. మన ప్రజలు ఏ పొడి ఎంతగా వాడుతున్నారో లెక్కలు తీయండి. అందులో ఆశ కనిపించిన దాన్ని ప్రమాణీకరించి, పరీక్షల జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేసి, రోగుల అనుమతితో, ఉచితంగా, పోల్చి చూసే వర్గం పెట్టి పరీక్షించండి. ఫలితం ఎటు వచ్చినా తెలుగులో జనానికి చెప్పండి. కొట్టిపారేయడం కూడా ఒక రకం బద్ధకమే.

రోగులకు, వాళ్లను కంటికి రెప్పలా చూసుకునేవారికి నేను నీతులు చెప్పను. భయపడటం మీ తప్పు కాదు. పుట్టగొడుగు కూర తినాలనిపిస్తే, డాక్టరు వద్దనకపోతే, శుభ్రంగా వండుకు తినండి. ఎవరైనా పొడి తెస్తే మూడే ప్రశ్నలు అడగండి. ఎంతమంది మనుషుల మీద పరీక్షించారు? వాడనివారితో పోల్చి చూశారా? దీని సంగతి మా డాక్టరుకు మీరే వచ్చి చెబుతారా? మూడో ప్రశ్నకు వెనకడుగు వేసేవారి చేతిలోంచి ఏమీ తీసుకోకండి.

క్యాన్సర్ కణం దారికి అడ్డుపడే పదార్థం ఏదో ఒక శిలీంధ్రంలో నిజంగానే ఉండి ఉండవచ్చు. రేపో మాపో అది పరీక్షలన్నీ దాటి, సరైన మోతాదులో, సరైన రోగికి మందుగా రావచ్చు. ఆ రోజున దాన్ని నమ్మేవాళ్లు ఉండాలి కదా. ఇలాంటి మాటలు పదేళ్లుగా విని విని మోసపోయిన కుటుంబం అసలైన మందును కూడా మరో డబ్బాగానే చూస్తుంది. అబద్ధపు భరోసా ఈనాటి రోగికే కాదు, రేపటి రోగికీ అన్యాయం చేస్తుంది. కాబట్టి ఈ వారమే మన ఇంట్లో, మన అపార్ట్‌మెంటు గ్రూపులో, మన కులసంఘంలో, మన మహిళా సంఘంలో ఒక మాట అనుకుందాం: రుజువు లేని మందును క్యాన్సర్ రోగికి మేం చెప్పం, అమ్మం, ఫార్వర్డ్ చేయం, మా ఎదుట ఎవరైనా అమ్ముతుంటే ఊరుకోం. రుజువు కోసం జరిగే పరీక్షకు మాత్రం డబ్బుతో, సమయంతో, అవసరమైతే మా పేరు నమోదు చేసుకుని మరీ తోడ్పడతాం. ఇంతమందిమి కలిసి అబద్ధాన్ని ఇంటింటికీ మోయగలిగాం. ఇంతమందిమి కలిసి దాన్ని ఆపడం కూడా మన చేతిలోనే ఉంది.